పేరు వ్రాయని పాత్రలు: కవాయ్ కన్‌జిరో జీవితము

జపాను దేశపు తేనీటి పాత్రలలో ముఖ్యముగా రెండు తెగలు కలవు. తేయాకు పొడిని వేడినీటిలో వెదురు కుంచెతో చిలికి, అతిథికి సంప్రదాయబద్ధముగా అందించు వెడల్పాటి గిన్నె ఒకటి. దానిని ‘చావన్’ అందురు. ఇంటిల్లిపాదియు పూటపూటకు పచ్చతేనీరు పోసికొని త్రాగు, పిడి లేని, నిలువుపాటి చిన్న పాత్ర రెండవది. దాని పేరు ‘యునోమి’. మొదటిదానికి పట్టుగుడ్డ, కొయ్యపెట్టె, వంశచరిత్ర ఉండును. రెండవది వంటింటి అలమరలో బోర్లించి ఉండును. మేము ఈ వ్యాసమున చెప్పబోవు మనిషి ఈ రెండింటిని చేసినవాడే. పదివేల గాజుపూతలను పరీక్షించి చూచి, ముప్పదియొకటవ యేట దేశమంతట పేరు మ్రోగిన తరువాత, తన పాత్రల అడుగున పేరు వ్రాయుటను మానివేసిన కవాయ్ కన్‌జిరో ఆయన.

సంచిక కమిటీలో ఈ విషయము ప్రస్తావనకు వచ్చినప్పుడు, కుండలు చేయువాని జీవితమున విద్యార్థులు చదువదగినది ఏముండునని ఒక మిత్రుడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్నయే. మన దేశమున కుమ్మరి పేరు చరిత్రకెక్కుట అరుదు. కుండ పగులును, పేరు పోవును. జపానులో అట్లు కాదు. అచ్చట మూడు నాలుగు వందల ఏండ్లనాటి కుమ్మరుల పేర్లు, వంశములు, ముద్రలు నేటికిని గణనకు వచ్చుచున్నవి. రకు వంశమువారు పదునారవ శతాబ్దమునుండి తరతరములుగా తేనీటి గిన్నెలే చేయుచున్నారు. అట్టి దేశమున, అట్టి వృత్తిలో, పేరును బుద్ధిపూర్వకముగా తీసివేసిన మనిషి కథ గనుక ఇది చెప్పదగినదని మాకు తోచినది.

కవాయ్ కన్‌జిరో 1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన, జపాను పశ్చిమభాగమున షిమానె మండలమునందలి యాసుగి పట్టణమున జన్మించినారు. జపానువారును మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పుదురు. కవాయ్ ఇంటిపేరు, కన్‌జిరో పెట్టిన పేరు. వారిది వడ్రంగము చేసి ఇండ్లు కట్టు కుటుంబము. బాల్యమున చూచిన కొయ్యపని ఆయనకు నడివయస్సున మరల అక్కరకు వచ్చినది గాని, కుండలపని మాత్రము ఆ ఇంట లేదు. ఆ రోజులలో కుండల విద్య సాధారణముగా తండ్రినుండి కొడుకునకు అబ్బెడిది. ఏ మన్నులో ఏ బూడిద ఎంత కలుపవలెనో కుటుంబ రహస్యముగా దాచుకొనెడివారు. కవాయ్ ఈ విద్యలోనికి వేరొక గుమ్మమునుండి ప్రవేశించినారు. అది కళాశాల గుమ్మము.

1910లో ఆయన టోక్యో ఉన్నత సాంకేతిక పాఠశాలలో కుండల పరిశ్రమ శాఖయందు చేరి, 1914లో పట్టము పుచ్చుకొన్నారు. ఆ శాఖ ముఖ్యోద్దేశము కళాకారులను తయారుచేయుట గాదు. పాశ్చాత్య దేశములతో పోటీపడు కర్మాగారములకు రసాయనము, కొలతలు, యంత్రములు తెలిసిన నిపుణులను అందించుట. త్రాసు, ఉష్ణమాపకము, సమీకరణములు అచ్చటి పాఠములు. ఆయనకు వెనుక తరగతులలో హమాదా షోజి అను యువకుడు చేరినాడు. వీరిద్దరి స్నేహము జీవితాంతము నిలిచినది. విద్యార్థిగా ఉన్నప్పుడే కవాయ్ బెర్నార్డ్ లీచ్ అను ఆంగ్ల కళాకారుడు టోక్యోలో ఉంచిన పాత్రల ప్రదర్శనను చూచినారు. విదేశీయుడొకడు కుండల పనిలో మనస్సునకు నచ్చినది చేయుట, సాంకేతిక పాఠశాల విద్యార్థికి కొత్త సంగతిగా తోచియుండును.

చదువు ముగియగనే ఆయన క్యోటో నగర పురపాలక కుండల పరిశోధనాలయమున ఉద్యోగిగా చేరినారు. రెండేండ్ల తరువాత, 1916లో, హమాదా కూడ అచ్చటికే వచ్చినారు. ఇద్దరును కూడి చేసిన పని గాజుపూతల పరిశీలన. పదివేలకు పైగా పూతలను వారు తయారుచేసి కాల్చి చూచిరని ప్రసిద్ధి.

గాజుపూత అనగా ఏమో రెండు మాటలలో చెప్పి ముందుకు సాగుదుము. మట్టిపాత్రపై పలుచగా పట్టించిన ఒక రకపు గాజే ఇది. గాజునకు ఇసుకలోని సిలికా ఆధారము. అది తనంతట కరుగుటకు చాల హెచ్చు వేడి కావలెను. కనుక దానిని త్వరగా కరిగించుటకు కొయ్యబూడిదయో, సున్నమో, ఫెల్డ్‌స్పార్ అను రాతిపొడియో చేర్చుదురు. కరిగినది నీరువలె జారిపోకుండ బంకమన్నులోని అల్యూమినా పట్టి ఉంచును. ఈ మిశ్రమమును నీటిలో కలిపి, పాత్రను ముంచియో, పైన పోసియో, ఆరబెట్టి, ఆవములో 1,250 నుండి 1,300 డిగ్రీల వరకు కాల్చుదురు. ఇంతవరకు రంగు లేదు. రంగు వచ్చుట లోహములవలన.

ఇచ్చటనే ఆశ్చర్యమంతయు కలదు. ఇనుమునే తీసికొందము. పూతలో నూటికి ఒకటి రెండు పాళ్ళు చేర్చి, ఆవమునకు గాలి తగ్గించి పొగమంటతో కాల్చిన, చైనావారి ప్రఖ్యాత పాత్రలయందలి లేతపచ్చ వచ్చును. ఆ ఇనుమునే ఎనిమిది పది పాళ్ళకు పెంచిన, తేనీటి గిన్నెల మీద మనము చూచు నిగనిగలాడు నలుపు, అంచులవద్ద తుప్పువన్నె వచ్చును. వస్తువు ఒక్కటే, పాలు మారినది, అంతే. రాగి మరింత పెంకిది. గాలి ధారాళముగా అందినచో అది ఆకుపచ్చనగును. గాలిని బిగించి కాల్చినచో నెత్తురువంటి ఎరుపగును. చైనాలో పదునైదవ శతాబ్దపు చక్రవర్తుల కాలమున ఈ రాగి ఎరుపు ఉచ్చదశకు వచ్చి, తరువాత చేయువారి చేతినుండి జారిపోయి, ఎన్నో ఏండ్లకు మరల సాధింపబడినది. ఏలయనగా అధిక వేడిలో రాగి ఆవిరియై పోవును. గాలి ఒక గడియ ఎక్కువైనను ఎరుపు మాసి బూడిదవన్నెకు తిరుగును. ఆవము చల్లారి తలుపు విప్పువరకు ఫలితము తెలియదు. జపాను భాషలో ఈ ఎరుపును ‘షిన్షా’ అందురు. కవాయ్ పేరు చెప్పగనే జపానువారికి స్ఫురించు రంగు ఇదియే.

పదివేల పూతలను పరీక్షించుట అనగా పదివేల చిన్న మట్టిబిళ్ళలు. ప్రతిదాని పాళ్ళు తూచి, కాల్చి, ఫలితము పుస్తకమున కెక్కించుట. మా రసాయనశాల విద్యార్థులు ఒక లవణ విశ్లేషణ మూడుసార్లు చేయుమన్నచో ముఖము చిట్లించుకొనుట మాకు తెలియును గనుక, ఈ సంఖ్యను ఇచ్చట ఒత్తి చెప్పుచున్నాము. అయితే పరిశోధనాలయపు పని కవాయ్‌కు తృప్తినీయలేదు. 1917లో అది విడిచి, క్యోటోలో పేరుపడ్డ ఐదవ కియొమిజు రొకుబెయ్ అను కుండల ఆచార్యునికి కొంతకాలము పూతల విషయమున సలహాదారుగా ఉన్నారు. 1920లో గోజోజాకా పేటయందు ఆ ఆచార్యునిదైన ఆవమునే కొని స్వతంత్రులైనారు.

ఆ ఆవము వాలునేలపై మెట్లమెట్లుగా ఎక్కు ఎనిమిది అరల ఆవము. క్రింది అరలో మంట వేయగా, ఆ వేడి పై అరలోనికి, అచ్చటినుండి దాని పైదానిలోనికి పోవును. క్రింది అర పండిన తరువాత పై అరకు ప్రక్క రంధ్రములనుండి కట్టెలు వేయుచు పోవుదురు. దానిని కవాయ్ ఒక్కరే వాడుకొనలేదు. ఆ వీధిలోని ఇరువది కుటుంబములవరకు తమ తమ పాత్రలను తెచ్చి ఆ అరలలో పేర్చుకొనెడివారు. విందు గిన్నెలు, చిల్లర అంగళ్ళకు పోవు కప్పులు, కవాయ్ పూలకూజాలు ఒకే మంటలో కాలినవి.

1921లో తకషిమాయా అను వస్త్రవర్తక సంస్థవారి ఆధ్వర్యమున ఆయన తొలి ప్రదర్శన జరిగినది. లేతపచ్చ, నలుపు, నీలము, రాగి ఎరుపు. చైనా కొరియా దేశముల ప్రాచీన పాత్రలలో ఉన్న ప్రతి వన్నెను ముప్పది ఏండ్ల యువకుడు చేతబట్టినాడు. విమర్శకులు ఆకసమునకెత్తినారు. కొనువారు వరుస కట్టినారు. సంస్థ పక్షమున పని చూచుచుండిన కవకత్సు కెనిచి అను ఉద్యోగి ఆనాటినుండి ఆయనకు ఆప్తమిత్రుడైనాడు. ఇంతటితో కథ ముగిసియున్న, కవాయ్ నిపుణుడగు అనుకర్తగా చరిత్రలో నిలిచియుండును. మేమీ వ్యాసము వ్రాయవలసిన పని ఉండెడిది కాదు.

అదే సంవత్సరము టోక్యోలో మరియొక ప్రదర్శన జరిగినది. యనాగి సోయెత్సు అను యువ తత్త్వవేత్త కొరియా దేశపు చోసన్ రాజుల కాలమునాటి పాత్రలను సేకరించి జనులకు చూపినాడు. 1910లో కొరియాను జపాను తన సామ్రాజ్యమున కలుపుకొనియున్నది; పాలితుల వస్తువులను పాలకుల రాజధానిలో తలయెత్తి చూపుటకు కొంత ధైర్యము కావలెను. ఆ పాత్రలు ఎవరు చేసినవో తెలియదు. కొన్ని వంకర, కొన్నింటి పూత అడుగువరకు అందలేదు, కొన్నింటిపై ఇసుక అంటియున్నది. కవాయ్ వాటి ముందర నిలిచి చలించిపోయినారు. తన పాత్రలలో లేనిదేదో అచ్చట ఉన్నది. అన్ని పూతలు తెలిసిన తాను, ఏమియు చదువని కొరియా కుమ్మరి చేసినదానిని చేయలేకున్నానని ఆయనకు అర్థమైనది.

యనాగికి మాత్రము కవాయ్ పాత్రలు నచ్చలేదు. ప్రాచీనుల వన్నెలకు అవి అనుకరణమే గాని ప్రాణమున్నవి గావని ఆయన అభిప్రాయము, దానిని దాచుకొనలేదు. కవాయ్ నొచ్చుకొని ఎదురు వ్రాసినారు. ఇరువురికి మాట లేకపోయినది. లోలోపల తానే అనుమానించుచున్న విషయమును పరాయివాడు పైకి అన్నప్పుడు మనిషికి వచ్చు కోపము సామాన్యమైనది గాదు. అట్టి కోపము మాలో కొందరికి అనుభవమే.

1923 సెప్టెంబరులో వచ్చిన మహాభూకంపము టోక్యోను నేలమట్టము చేసినది. తరువాతి సంవత్సరము యనాగి క్యోటోకు కాపురము మార్చినారు. హమాదా 1920లో లీచ్‌తో కూడి ఇంగ్లండు వెళ్ళి, సెయింట్ ఐవ్స్ అను సముద్రతీర పట్టణమున ఆవము కట్టి, 1924లో తిరిగివచ్చి తిన్నగా కవాయ్ ఇంట దిగినారు. ఆయన తెచ్చిన మూటలలో ఇంగ్లండు పల్లెవంటిండ్లలో వాడెడి పళ్ళెములు ఉన్నవి. పచ్చిమట్టిపై వేరురంగు పలుచని మట్టి ద్రవముతో గీతలు గీసి, తేనెవన్నె పూత పూసి కాల్చిన మోటు సామగ్రి. రొట్టెలు, మాంసము వండుకొనుటకు చేసినవి. వీటిని చూచి కవాయ్ మరల కదలిపోయినారు.

హమాదాయే మిత్రుని యనాగి ఇంటికి తీసికొనిపోయినారు. అచ్చట మొకుజికి అను పూర్వకాలపు సంచారసాధువు చెక్కిన బుద్ధవిగ్రహములున్నవి. చిరునవ్వుతో ఉన్న మోటు కొయ్యబొమ్మలు. వడ్రంగుల ఇంట పుట్టిన కవాయ్ వాటిని చూచుచు నిలిచిపోయినారట. పాత పగ అంతటితో తీరినది. 1925 చివర ముగ్గురును కలసి కీయి ప్రాంతమునకు ప్రయాణము చేయుచు, సామాన్యుల చేతిపని వస్తువులకు పేరు లేదని తలచి ‘మింగెయ్’ అను క్రొత్త మాట కూర్చినారు. జనులు, కళ అను రెండు మాటల కలయిక అది. ఆ ఉద్యమము 1936లో టోక్యోలో జపాను జానపద కళా ప్రదర్శనశాలగా రూపు దాల్చినది. మన దేశమునకును ఈ బృందముతో ఒక సంబంధము కలదు. గురుచరణ్ సింగ్ అను మన దేశీయుడు 1919లో జపాను వెళ్ళి కుండలపని నేర్చి, యనాగి, లీచ్ మొదలగువారిని ఎరిగి తిరిగివచ్చి, తరువాతి కాలమున ఢిల్లీలో నీలిరంగు పాత్రల కార్ఖానాను నడపినారు.

కవాయ్ పాత్రల అడుగున పేరు మాయమైనది ఈ రోజులలోనే. కొన్నేండ్లు ప్రదర్శనలుకూడ తగ్గించి, 1929లో మరల జనుల ముందుకు వచ్చినప్పుడు పాత్రలు మారిపోయినవి. చైనా రాజాస్థానపు నాజూకు లేదు. మందమైన గోడలు, పలకలు తీర్చిన సీసాలు, చేతినిండుగా పట్టు యునోమి కప్పులు, మూతగిన్నెలు, తేనీటి కూజాలు. నీలమునకు గోసు అను కోబాల్టు పూత, గోధుమవన్నెకు ఇనుము, తెలుపునకు బూడిదపూత. పాత అభిమానులలో నిరాశపడినవారు లేకపోలేదు. అమ్ముడుపోవుచున్న తీరును, చేతికందిన కీర్తిని వదులుకొనుట ఇల్లు నడుపుకొనవలసిన వానికి చిన్న విషయము కాదు. అందునను ఆవము, పనివారు, కట్టెల ఖర్చు ముందర నిలిచియున్నప్పుడు.

ఇచ్చట మేము ఒక సందేహమును దాచక చెప్పుదుము. పేరు లేని పల్లె కుమ్మరికి పేరు లేకపోవుట సహజము. అతనికి వేరు దారి తెలియదు. కళాశాలలో చదివి, పదివేల పూతలు ఎరిగి, రాజధానిలో పొగడ్తలందుకొనినవాడు పేరు తీసివేసినంత మాత్రమున ఆ కుమ్మరి యగునా? తెలిసినది తెలియనట్లు చేయుట ఎవరితరము? పైగా కవాయ్ పాత్రలను చూచినవారు పేరు లేకున్నను ఇవి ఆయనవేయని గుర్తించెడివారు. కొనినవారు కోరగా వాటిని పెట్టు కొయ్యపెట్టెల మూతలపై ఆయన తన చేతితో వ్రాసి ఇచ్చుటయు కలదు. అట్టి పెట్టెలు నేటికి చాల ఉన్నవి. కనుక పేరు పాత్రను విడిచి పెట్టె మీదికి పోయినది గాని, బజారునుండి పోలేదని ఎవరైన అన్నచో మేము కాదనలేము.

అయినను పేరు లేకపోవుటవలన ఆయన పనిలో జరిగిన మార్పు బొంకు కాదు. ఆయన తన రసాయనమును పారవేయలేదు. రాగి ఎరుపును విడువలేదు. పూర్వము ఆ ఎరుపు ఒక విజయముగా పాత్ర నంతటిని కప్పియుండెడిది. తరువాత అది కప్పు చెంపపై ఒక మరకగా, గిన్నె అంచున ఒక చారగా, మట్టితో కలిసి బ్రతుకనేర్చినది. పల్లె కుమ్మరిగా నటింపక, తనకు వచ్చిన విద్యను వంటింటికి పంపినారు. యనాగి సిద్ధాంతముకంటె ఈ పనియే మాకు ఎక్కువ నమ్మదగినదిగా కనబడుచున్నది.

1934లో వచ్చిన గాలివాన ఆయన ఇంటిని దెబ్బతీసినది. 1937లో తానే రూపకల్పన చేసి క్రొత్త ఇల్లు కట్టించినారు. యాసుగినుండి అన్నగారు వచ్చి వడ్రంగపు పని నడిపినారు. నల్లబారిన దూలములు, నేలలో పొయ్యి, తాను గీసి చేయించిన కుర్చీలు, బల్లలు. ఇంటి వెనుక అంగణము, దాని వెనుక ఆవము. ఆ యేడే పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన పాత్రకు ఉన్నత బహుమానము వచ్చినది. దానిని పంపినది కవకత్సు.

యుద్ధము ముదిరి కట్టెలు కరువై, ఆవము ఆరిపోయినది. కుండలు చేయలేని ఆ కాలమున కవాయ్ వ్రాతకు కూర్చున్నారు. మట్టిని, నిప్పును, పనిని గూర్చిన చిన్న చిన్న మాటలు, చిన్ననాటి ఊరి జ్ఞాపకములు. యుద్ధానంతరము 1948లో ‘జీవితపు కిటికీ’, 1953లో ‘అగ్ని ప్రమాణము’ అను అర్థము వచ్చు పేర్లతో అవి పుస్తకములైనవి.

మంట మరల వెలిగిన తరువాతి కవాయ్ మునుపటివారు కారు. అప్పటికి అరువది సమీపించుచున్నవి. సారెపై గుండ్రముగా తిరుగు రూపములను తగ్గించి, అచ్చులలో ఒత్తిన పలకల పాత్రలు, ఒకవైపు వాలిన కూజాలు, చేతులు వ్రేళ్ళు ఉబికివచ్చు రూపములు చేసినారు. కొయ్యతో ముఖములను, ముసుగులను చెక్కినారు. పొగగొట్టములకు నమూనాలు గీసి ఇత్తడితో చేయించినారు. ఎరుపు, ఆకుపచ్చ, ఇనుపవన్నె పూతలను కుంచెతో పాత్రపైకి విసరికొట్టు పద్ధతి చివరి సంవత్సరములలోనిది. ఇది జానపద కళయా అని అడిగినచో యనాగి శిష్యులకే జవాబు కష్టము. ఏ బృందముతో కలిసి పేరు వదిలినారో, ఆ బృందపు సూత్రమునుకూడ ఆయన దాటిపోయినారు. పేరు మాత్రము మరల వ్రాయలేదు.

1955లో జపాను ప్రభుత్వము చేతిపనులలో ఆరితేరిన వారిని సజీవ జాతీయ నిధులుగా గౌరవించుట ఆరంభించినది. మొదటి జాబితాలోనే హమాదా పేరు ఉన్నది; ఆయన స్వీకరించినారు. కవాయ్‌కు ఆ గౌరవమును, దేశమున అత్యున్నతమైన సంస్కృతి పురస్కారమును, కళా అకాడెమీ సభ్యత్వమును ఈయజూపగా మూడింటిని వలదన్నారు. ఇందువలన మిత్రుల నడుమ ఏ అరమరికయు రాలేదు. స్వీకరించిన హమాదా ఏమాత్రము తక్కువవాడని మేము అనుకొనుట లేదు. ఆయన పాత్రలపైనను పేరుండదు. 1957లో ఇటలీ దేశపు మిలాన్ నగర త్రైవార్షిక ప్రదర్శనలో కవాయ్ పాత్రకు మరల ఉన్నత బహుమానము లభించినది. ఇదియు కవకత్సు పంపినదే. కుండ పంపినవాడు వేరు, బహుమతి పొందినవాడు వేరు. చేసినవానికి మాత్రము ఆ ఉదయమున ఆవము దగ్గర పని ఉండియుండును.

1966 నవంబరు 18వ తేదీన, డెబ్బదియారవ యేట, ఆయన క్యోటోలో మరణించినారు. పొగను అరికట్టుటకు నగరమున ఆంక్షలు వచ్చిన పిమ్మట, 1970ల తొలినాళ్ళలో గోజోజాకా ఆవము కూడ ఆరిపోయినది. 1973లో కుటుంబమువారు ఆ ఇంటిని ప్రదర్శనశాలగా తెరచినారు. కవకత్సు తాను నలువది ఏండ్లుగా కూర్చుకొనిన నాలుగు వందలకు పైగా పాత్రలను క్యోటోలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు ఇచ్చివేసినారు. 1921 నాటి లేతపచ్చ పాత్రలు మొదలు చివరినాటి విసరుపూతల వరకు వరుసగా చూడవలెననిన అచ్చటికి పోవలెను.

ఇంటికి పోయినవారికి అద్దపు బీరువాలు ఎక్కువగా కనబడవు. ఆయన చేయించిన కుర్చీలలో కూర్చుండవచ్చును. వెనుక అంగణము దాటిన ఎనిమిది అరల ఆవము యథాతథముగా నిలిచియున్నది. వంగి లోపలికి తొంగిచూచిన, అర గోడలపై ఏండ్ల తరబడి ఎగసిన కట్టెబూడిద కరిగి దానంతటదే గాజుపూతగా పట్టి, అక్కడక్కడ పచ్చగా మెరయుచుండును.